జంగ్లీఘాట్‌లో ఐదు చైనా అక్షరాలు

మా మరిది చెప్పే కథ ఎవరూ నమ్మకండి. పదిమంది చేరితే చాలు, "మా వదినగారు అండమాన్ వచ్చి పన్నెండు రోజుల్లో చైనా భాష నేర్చేసుకున్నారు" అని మొదలుపెడుతున్నాడట. భాష కాదు. ఐదు అక్షరాలు. వాటితో రెండు పేర్లు రాయగలను, అంతే. అందులో ఒక అక్షరానికి నీళ్ళని అర్థం కాబట్టి 'నీళ్ళు' అని రాయగలను గానీ, ఇమ్మని అడగలేను. ఇక "సరదాకి నేర్చుకున్నారు" అని ఇంకో తోక తగిలిస్తాడట. అది మరీ అబద్ధం. ఒక మనిషి పేరు వానకీ ఉప్పుగాలికీ చెరిగిపోతుంటే, దాన్ని తిరిగి రాయగల చెయ్యి ఆ ఊళ్ళో ఒక్కటే ఉండి, అదీ విరిగిపోతే అందులో సరదా ఏముంది?

అండమాన్ చూసొచ్చినవాళ్ళు జైలు గురించీ నీలం నీళ్ళ గురించీ రాస్తారు. నేనూ రెండూ చూశాను. జైల్లో అందరిలాగే కళ్ళు తుడుచుకున్నాను. నీళ్ళు అందరూ చెప్పినంత నీలంగానూ ఉన్నాయి. వాటి గురించి కొత్తగా చెప్పడానికి నా దగ్గరేం లేదు.

ఓడ మీద

ఉగాది వెళ్ళిన నాలుగో రోజున విశాఖలో ఓడెక్కాను. మొదటి రోజంతా వాంతులు. బంకు క్లాసులో నా పై పరుపు మీద సింహాద్రమ్మ అని ఒకావిడ, శ్రీకాకుళం తీరపు మనిషి, కాళ్ళు వేలాడేసుకుని నన్నే చూస్తూ కూర్చుంది.

"ఓలమ్మా, సదువుకున్నోరికే ఎక్కువ కక్కులొస్తాయేటి?" అంది.

ఒళ్ళు మండింది గానీ నోరు తెరిస్తే ఏమొస్తుందో తెలుసు కనుక ఊరుకున్నాను. ఆవిడే దిగొచ్చి ఉప్పేసి పిసికిన చింతపండు ఉండ ఒకటి నా బుగ్గలో పెట్టింది. గంటలో లేచి కూర్చున్నాను. ఓడ క్యాంటీన్లో పప్పు పసుపు నీళ్ళలా ఉంటుంది. ఆవిడ తెచ్చిన చోడి రొట్టె, అదే రాగి రొట్టె, ఎండురొయ్యల పొడి లేకపోతే నేను పోర్ట్ బ్లెయిర్‌లో మనిషిగా దిగేదాన్ని కాదు.

కూతురి దగ్గరికి వెళుతోందట. అల్లుడు అప్పన్న వేటకి వెళ్ళని రోజుల్లో పడవల మీద పేర్లు రాస్తాడట. "బంగారం లాంటోడు. పక్కింటి సీనా ముసిల్దొకర్తుంది, ఏడాదిగా ఆణ్ణి తిట్టిపోస్తంది. ఆ ముసిల్దాన్ని బతికుండగా సంపీసినాడంట" అంది.

నేను తెలుగు టీచర్ని. ఇరవై రెండేళ్ళుగా ఆడపిల్లల హైస్కూల్లో అక్షరాలు దిద్దిస్తున్నాను. ఒక మనిషి ఇంకో మనిషిని కుంచెతో ఎలా చంపుతాడో తెలుసుకోకుండా తిరుగు ఓడెక్కడం నా వల్ల కాదు. చిరునామా రాసుకున్నాను.

డాలీగంజ్

మా చెల్లెలు పద్మ, దాని భర్త పద్నాలుగేళ్ళుగా డాలీగంజ్‌లో ఉంటున్నారు. ఇద్దరివీ ప్రభుత్వోద్యోగాలే. మన దగ్గర చేపల కూర వండితే పండగ. అక్కడ వంకాయ వండితే పండగ. కిలో సూర చేప ఎనిమిది రూపాయలైతే కిలో వంకాయ పన్నెండు. నేను సంచిలో తీసుకెళ్ళిన మునక్కాడలు చూసి పద్మ వాటిని కౌగిలించుకున్నంత పని చేసింది. నన్ను తర్వాత పలకరించింది.

"అక్కా, జర బైఠో, చాయ్ పెడతాను" అంటుంది అది. నోరెత్తితే సగం హిందీ. తప్పు దిద్దబోతే, "ఇక్కడ అందరం ఇలాగే మాట్లాడుకుంటాం. నీ క్లాసులో మార్కులు తగ్గించుకో పో" అంది. నిజమే, అక్కడ పక్కింట్లో తమిళులు, ఎదురింట్లో బెంగాలీలు, వెనక రాంచీ వాళ్ళు. ఎవరి భాష వాళ్ళ వంటింట్లో, హిందీ వీధిలో.

చైనా ఆవిడ గురించి అడిగాను. మా మరిది వెంటనే, "ఆవిడ మామూలు మనిషి కాదు వదినగారూ! రాంగూన్‌లో చైనా పంతులమ్మట. శాస్త్రాలన్నీ కంఠతా వచ్చు" అన్నాడు. మర్నాడే వెళ్ళి చూశాను. ఆవిడ బడి గుమ్మం తొక్కలేదు. చైనా అక్షరాలు ఆవిడకి వచ్చినవి కూడా ఐదే.

జంగ్లీఘాట్

రేవు ఒడ్డున రేకుల ఇళ్ళు. సింహాద్రమ్మ నన్ను చూసి సొంత ఆడపడుచు వచ్చినట్టు హడావిడి చేసింది. అప్పన్న అప్పుడు బోర్లించిన పడవ మీద తెలుగులో పేరు రాస్తున్నాడు. నలభై ఏళ్ళ మనిషి, చేతికి వణుకన్నది లేదు. నేను వెనక నిలబడి చూసి నిర్ఘాంతపోయాను. ముందు తలకట్లన్నీ వరసగా గీసేసి, తర్వాత వాటి కింద అక్షరాలు తగిలిస్తున్నాడు. గాల్లో వేలాడుతున్న తలకట్లు!

"ఏమయ్యా, అక్షరం అలాగా రాసేది? ఒళ్ళు రాకముందే తలపాగానా?"

అతను తిరిగి చూసి నవ్వాడు. "నాకు సదువు రాదు టీచరమ్మా. కాయితం మీద రాసిస్తే సూసి గీస్తాను. తెలుగైనా, హిందీ ఐనా, ఇంగిలీసైనా నాకు బొమ్మే. తలకట్లు ముందేసీస్తే వరస తిన్నగా వస్తాది."

వచ్చిన అక్షరం చూస్తే నా బ్లాక్‌బోర్డు మీద అక్షరం కంటే ముద్దుగా ఉంది. అప్పుడు పక్కింటి అరుగు మీంచి ఒక గొంతు, "అదే టీచరమ్మా, అదే! ఆడికి ముందూ ఎనకా నేదు" అంది. తిరిగి చూస్తే తెల్లటి పొట్టి జుట్టు, పొడుగు గౌను, కుడి మణికట్టు వంకర. చైనా మొహంలోంచి శ్రీకాకుళం తెలుగు వినపడితే ఎలా ఉంటుందో నేను చెప్పలేను. మీరు వెళ్ళి వినాల్సిందే. ముప్ఫై ఏళ్ళుగా ఆ వాడలో ఉంటోంది మరి. అందరూ ఆవిణ్ణి నానీ అంటారు, హిందీలో అమ్మమ్మ అని.

కథ ఇది. నానీ భర్త లామ్ సుయ్ తిన్, వడ్రంగి. రాంగూన్ నుంచి ఇద్దరూ ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. ఆయన పడవలు కట్టేవాడు. పోయి పదకొండేళ్ళయింది. కొండవాలున సమాధి, దాని మీద నిలువు సిమెంటు పలక. ఆ అక్షరాలు చెక్కగలవాళ్ళు ఈ దీవుల్లో లేరు కనుక రంగుతో రాసిందే. ఇక్కడి వానలకి రంగు ఏడాది మించి ఆగదు. ఏటా ఏప్రిల్ మొదట్లో వాళ్ళకి పెద్దల రోజు వస్తుంది. మన మహాలయం లాంటిది. ఆ రోజున నానీ వెళ్ళి సమాధి తుడిచి, ఆయన పేరు మళ్ళీ రాసేది. పోయిన ఏడు అంతకు నెల ముందు జెట్టీ మీద జారి పడింది. చెయ్యి అతుక్కుంది గానీ కుంచె పట్టదు. అప్పన్నని పిలిచింది.

"సక్కగా రాసినాను టీచరమ్మా. పడవ అడుక్కి పూసే నల్ల రంగు, సముద్రం కూడా తినలేదు దాన్ని" అన్నాడు అప్పన్న.

"ఒరే, ఆయన పేరు నలుపు. నా పేరేటి?" అంది నానీ.

పలక మీద రెండు పేర్లున్నాయట. పోయినాయన పేరు నల్లగా, పక్కనే బతికున్న భార్య పేరు ఎర్రగా ఉండాలి. ఆవిడ పోయాక ఎరుపు గీకేసి నలుపు రాయాలి. అప్పన్న రెండూ నలుపే రాశాడు. అలా నానీ ఏడాది నుంచీ చచ్చిపోయి ఉంది.

నాకు ఒకటి తట్టి, చాలాసేపు వదల్లేదు. మన దగ్గర మొగుడు పోయిన మనిషి నుదుట ఎరుపు తుడిచేస్తాం. వీళ్ళు మొగుడి సమాధి మీదే ఆవిడ పేరుకి ఎరుపు పూస్తారు. మన తద్దినాల్లో ఆడవాళ్ళ పేర్లు సగం నమిలి మింగేసినా అడిగే దిక్కులేదు. ఇక్కడ ఆ పేరు కోసం ఏడాది పొడుగునా తగువు.

"రంగు తప్పు సరే, మళ్ళీ పూయించుకోవచ్చు కదా" అన్నాను.

"రంగొక్కటేనా? ఆడు రాయనేదు, గీసినాడు. గీతలకి వరసుంది. వరస తప్పితే అది పేరు కాదు, పేరు బొమ్మ." వంకర చెయ్యి ఎత్తి చూపించింది. "ఈ ఏడు రోజు ఇంకా తొమ్మిది దినాలుంది. నా కూతురు డిగ్లీపూర్‌లో, దానికి రాదు. నాను పోతే ఇంకెవలికీ రాదు. ఆయన పేరూ పోద్ది, నా పేరూ పోద్ది."

నేను కాసేపు వాదించాను. అక్షరం పూర్తయ్యాక ఏ గీత ముందో ఎవడికి తెలుస్తుంది అన్నాను. అప్పన్న మహా సంతోషంగా తలూపాడు. నానీ నన్ను ఎగాదిగా చూసి, "నీ బల్లో ఆడగుంటలు ఎటునుంచి రాసినా ఊరుకుంతావేటి?" అంది.

ఊరుకోను. ఈ చేత్తోనే ఎన్ని వేళ్ళ మీద కొట్టానో! మర్నాడు ఇద్దరం, అప్పన్నా నేనూ, పాఠానికి వస్తామని ఒప్పుకున్నాం.

అబర్డీన్ బజార్

నానీ దగ్గరున్న కుంచె ఒక్కటే. నాకొకటి కావాలని బజారుకెళ్ళాను. నాకు హిందీ పరీక్షల్లో ఫస్టు క్లాసు ఉంది; ఆ ధీమాతో దుకాణదారుని "తూలికా హై క్యా?" అని అడిగాను. అతను లోపలికి వెళ్ళి భార్యని పిలుచుకొచ్చాడు. ఇద్దరూ నన్ను జాలిగా చూశారు. చివరికి గాల్లో రాసి చూపించాను. "అరె, బ్రష్ బోలో నా దీదీ!" అని గడ్డం గీసుకునే బ్రష్ చేతికిచ్చాడు. రెండో దుకాణంలో గోడలకి సున్నం కొట్టేది చూపించారు. మూడో చోట బడిపిల్లల రంగుల కుంచె దొరికింది, రెండున్నర రూపాయలు. చెరువులో మునిగి తేలిన పిల్లిలా ఉంది దాని వెంట్రుక. దాన్ని చూసి నానీ, "ఇది రాయదు, నాకుతాది" అంది.

నీళ్ళ పలక

కాగితం లేదు, సిరా లేదు. కొబ్బరి చిప్పలో నీళ్ళు, ముంగిట్లో సిమెంటు గచ్చు. నీళ్ళతో రాస్తే అక్షరం నల్లగా తేలుతుంది, కాసేపటికి ఎండ తాగేస్తుంది. మళ్ళీ రాయి. ఇంత చౌకైన పలక నేనెక్కడా చూడలేదు. మా హెడ్మాస్టరమ్మకి చెప్పాలి.

ఆయన పేరులో లామ్ అంటే చెట్లు, సుయ్ అంటే నీళ్ళు, తిన్ అంటే పొలం. ఇంటిపేరు లామ్, రెండు చెట్లు పక్కపక్కన. ఒక్కో చెట్టుకీ ముందు అడ్డగీత, తర్వాత నిలువు, తర్వాత ఎడమ కొమ్మ, చివర కుడి కొమ్మ. ఎడమ చెట్టు పూర్తయ్యాకే కుడి చెట్టు మొదలవ్వాలి. అప్పన్న రెండు చెట్లకీ అడ్డగీతలు ఒకేసారి వేసేశాడు, తలకట్ల అలవాటు. నానీ తొడపాశం పెట్టింది.

నీళ్ళకి నడుమ నిలువు కొక్కెం ముందు, తర్వాత ఎడమ, తర్వాత కుడి. ఇది నాకు వెంటనే వచ్చింది. పొలం దగ్గర ఆగిపోయాను. చదరపు గడి, లోపల ప్లస్ గుర్తు, అంతే కదా అని సున్న చుట్టినట్టు ఒక్క ఊపులో గడి చుట్టేశాను. పుట్టినప్పటినుంచీ గుండ్రంగా తిరిగిన చెయ్యి అది. మూలలు కూడా గుండ్రంగానే వచ్చాయి.

నానీ వంగి చూసింది. "ఇది పొలమా, ఇడ్లీయా?"

అప్పన్న పడీపడీ నవ్వాడు. నానీ నా చేతిలో కుంచె లాక్కుని ఎడంచేత్తో వంకరటింకరగా చూపించింది: ఎడమ గోడ, తర్వాత పైకప్పూ కుడి గోడా కలిపి ఒకే గీత, తర్వాత లోపలివి, అన్నిటికీ చివర కింద గీత. "మనుసులు లోనకి రాకముందే తలుపేసినావు. ఆళ్ళెక్కడికెల్తారు పాపం?"

రెండో రోజు నేనొక పరీక్ష పెట్టాను. నానీ టీ కాయడానికి లోపలికి వెళ్ళినప్పుడు అప్పన్నకి సైగ చేసి, పొలాన్ని చక్కటి ఆకారంలోనే, కానీ గడి ముందు మూసేసి రాయించాను. ఆవిడ పాలు లేని టీ మూడు కప్పులు పట్టుకొచ్చింది, గచ్చు వైపు చూసింది, "ముందే మూసీసినావు" అంది. నాకు మతిపోయింది. తర్వాత నేనే రాసి, ఆరేదాకా కళ్ళార్పకుండా చూశాను. ముందు రాసిన గీత ముందు ఆరుతోంది.

"కిటుకు దొరికింది!" అన్నాను. "నీళ్ళు కనక చెప్పావు. ఆయిలు రంగైతే చెప్పగలవా?"

నానీ నా చెయ్యి పట్టుకుని రేవుకి తీసుకెళ్ళి, అప్పన్న పాత పడవ మీది అక్షరం పైన నా వేలు పెట్టి నెమ్మదిగా జరిపింది. రెండు గీతలు దాటుకునే చోట సన్నటి గట్టు తగిలింది. మీదెక్కిన గీత తర్వాతది. కింద నలిగింది ముందుది. ఎండిన రంగులో కూడా వరస దాగి ఉంటుందన్నమాట! ఇరవై రెండేళ్ళు పిల్లల అక్షరాలు కళ్ళతో చూశాను. ఒక్కసారీ తడమలేదు.

ఆ ఉత్సాహంలో ఇంకోటి అడిగాను. "తెలుస్తుంది సరే. తెలిస్తే ఏం? వరసలో అంత ఏముంది నానీ?"

ఆవిడ అరుగు మీదికి తిరిగొచ్చి టీ పూర్తి చేసి చెప్పింది. "పెల్లైన కొత్తల్లో ఆయన నా సెయ్యి పట్టుకొని నేర్పినాడు, ఎనకాల కూకొని. అదే వరసలో రాస్తే ఆయన సెయ్యి ఇంకా తగుల్తాది. వరస తప్పితే తగల్దు."

అప్పన్న ఆ పూట ఇంటికెళ్ళకుండా, ఎవరూ అడక్కుండానే, పొలం పాతికసార్లు రాశాడు.

తర్వాత రోజుల్లో నానీ పేరు నేర్చుకున్నాం. రెండు అక్షరాలు, చంద్రుడూ పచ్చరాయీ. పచ్చరాయికి అన్నిటికంటే చివర పక్కన ఒక చుక్క పెట్టాలి. ఏడో రోజుకి అప్పన్న ఐదూ వరస తప్పకుండా రాస్తున్నాడు. చదువురాని ఆ చెయ్యి నాకంటే ముందు నేర్చుకుందని ఒప్పుకోవడానికి నాకు కొంచెం కష్టమైంది. నాకు గుండ్రం పోలేదు. నా పొలం ఇప్పటికీ కాస్త ఇడ్లీయే.

కొండవాలున

పెద్దల రోజు పొద్దున్నే నలుగురం వెళ్ళాం. సింహాద్రమ్మ కూడా వచ్చింది, చూడ్డానికి. గడ్డి కోశాం, పలక కడిగాం. నానీ ఉడికించిన కోడి, గుడ్లు, కమలాలు, మూడు చిన్న గిన్నెల్లో టీ పెట్టి అగరొత్తులు వెలిగించింది. మనం కాకి కోసం ఎదురుచూసి చూసి నీరసపడిపోతాం. వాళ్ళు కాసేపు ఆగి తామే తినేస్తారు. "ఆయన తినీసినాడు, ఇంక మనం" అంది నానీ. కోడి రుచిగా ఉంది. ఉప్పు తక్కువ.

అప్పన్న పాత రంగు గీకి, లామ్ సుయ్ తిన్ పేరు నల్లరంగుతో రాశాడు. ఒక్కో గీతకీ నానీ పెదవులు కదిలాయి. చివర కింద గీత వేసి పొలం మూశాడు. నానీ ఒక్క గీత కూడా దిద్దించలేదు. ఆవిడ దగ్గర అవే మార్కులు.

అప్పన్న ఎరుపు డబ్బా మూత తీశాడు.

"అదొద్దు" అంది నానీ. "నాదీ నల్లగానే రాయి."

అతను డబ్బా కింద పెట్టేశాడు. "ఏటి నానీ? ఏడాదంతా తిట్టి ఇప్పుడు నల్లంతావా?"

"అప్పుడు నీకు రాయడం రాదు. ఇప్పుడొచ్చింది. నాను పోయినాక నువ్వు సరిగ్గా రాసినావో నేదో నానెలాగ సూస్తాను? నా కల్ల ముందు రాసీ."

"నీ సావు నా సేత్తో రాయమంతావా! నాను రాయను."

"పోయినేడు రాసినావు కదరా, ఇప్పుడేటి సిగ్గు?"

సింహాద్రమ్మ చెంపలేసుకుంది. "తప్పమ్మా, బతికున్నోల్లు అలాటి మాటలనకూడదు" అంది. నేను నానీ పక్షాన వాదించాను. ఆవిడ పేరు, ఆవిడ పలక, ఆవిడ ఇష్టం అన్నాను. అప్పన్న నా వైపు తిరిగి, "మీరు రాయండి మరి టీచరమ్మా, మీకూ వచ్చు కదా" అన్నాడు. నల్ల కుంచె నా చేతికిచ్చాడు. వాదించడం తేలిక. నేను ఆ కుంచె పట్టుకుని పలక ముందు కూర్చున్నాను, లేచాను. అంతలోనే నా చీర అంచుకి నల్లరంగు అంటుకుంది; ఇప్పటికీ పోలేదు. కుంచె తిరిగిచ్చేశాను.

నానీ పట్టు విడవదని తెలుస్తూనే ఉంది. అప్పుడు అప్పన్న లేచి, తాగడానికి తెచ్చుకున్న సీసాలో నీళ్ళు గిన్నెలో పోసుకున్నాడు. నానీ దగ్గరున్న ఆ ఒక్క మంచి కుంచె అందులో ముంచాడు. గీకిన పలక మీద ఆవిడ పేరు నీళ్ళతో రాశాడు.

సిమెంటు మీద తడి నల్లగా తేలింది. చంద్రుడు, తర్వాత పచ్చరాయి. నానీ ముందుకు జరిగి, ముక్కు పలకకి ఆనేంత దగ్గరగా చూసింది. "సుక్క లోనకి ఒత్తు" అంది. అతను చుక్క ఒత్తాడు. ఆవిడ రెండడుగులు వెనక్కి వేసి, చనిపోయినవాళ్ళ రంగులో ఉన్న తన పేరుని మొగుడి పేరు పక్కన నిలబెట్టి చూసుకుంది. ఎండ ఎక్కువగా ఉంది. మొదటి గీత పోయింది, రెండోది పోయింది. రాసిన వరసలోనే ఒక్కొక్కటీ పోయి, అన్నిటికంటే చివరగా ఆ చుక్క పోయింది.

"బాగుంది. ఇంక ఎర్రగా రాసీ, బేగి. మిగిలిన కోడి సల్లారిపోతంది" అంది.

దిగి వస్తుంటే నానీ నా భుజం పట్టుకుని నడిచింది. నేను అడగకుండా ఉండలేకపోయాను. "నానీ, ఆ రోజంటూ వస్తే అప్పన్న రాస్తాడు. కానీ ఇవాళ నువ్వు పక్కన నిలబడి చుక్క ఒత్తమన్నావు. అప్పుడెవరంటారు?"

ఆవిడ కమలాపండు తొన నా చేతిలో పెట్టి, "తిను, గింజలుంతాయి, సూసుకో" అంది.

నేను తిరిగొచ్చి రెండు నెలలైంది. ఇదే ప్రశ్న పద్మకి ఉత్తరంలో రాస్తే వంకాయ ధర పదిహేనైందని జవాబొచ్చింది. మా మరిది, "అప్పన్న తప్పు రాయడు లెండి వదినగారూ" అని కింద ఒక ముక్క కలిపాడు. కావాలని తప్పు రాయడని నాకూ తెలుసు. నేనడిగింది అది కాదు. రోజూ రాసే నా పేరే ఒక్కోసారి తొందరలో జారిపోతుంది. ఏడాదికోసారి రాసే చెయ్యి ఏదో ఒక ఏడు ఒక గీత ముందూ వెనకా చేస్తుంది. అప్పుడు ఆ పలక మీద వేలు పెట్టి తడిమి, "ఆగు, ఇది కాదు" అనేవాళ్ళు ఆ దీవిలో ఎవరున్నారు?